కొలిమి దూది

గడప దాటి లోపలికి అడుగు పెట్టగానే వేడి ముఖం మీద కొట్టింది. సుగ్రా చేతిసంచీ కింద పెట్టకుండానే తలెత్తి చూసింది. పైన రేకులు కనిపించాయి. రేకులను మోస్తున్న ఇనుప పైపులు, పైపుల మీద తుప్పు, మూలన సాలెగూడు, అన్నీ బయటపడి ఉన్నాయి. కుట్టిన దిండు గలేబులు దుకాణంలో ఇచ్చి రావడానికి పొద్దున తను బయల్దేరేటప్పుడు ఆ రేకుల కింద బొంత కట్టి ఉంది. ఇప్పుడు లేదు.

కోడలు నజ్‌నీన్ వెనక వాకిట్లో, గోడనీడ జానెడు మిగిలిన చోట కుర్చీ వేసుకుని కూర్చుంది. నెత్తిన తడి తువ్వాలు. ఏడో నెల కడుపు మీద చేతులు పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"పైన బొంతేది బిడ్డా?"

"ఆయన తీసేసిండు అమ్మీ. ఎలుకలు జొరబడ్డయంట."

"ఎలుకలా? నేనైతే ఒక్కటి గూడ చూడలే."

"నేనూ చూడలే," అంది నజ్‌నీన్. కళ్లు తెరిచి అత్తను చూసి మళ్లీ మూసుకుంది. "సంచీల కుక్కి, బండికి కట్టుకొని పట్టుకపోయిండు. నన్ను రేపు తూంకుంటకు పొమ్మంటుండు. మా అమ్మోళ్లది స్లాబు ఇల్లు గదా, ఆడ సల్లగుంటదంట."

సుగ్రా సంచీ కింద పెట్టింది. గ్లాసుతో కుండలో నీళ్లు ముంచుకుని తాగింది. నీళ్లు కూడా వెచ్చగా ఉన్నాయి. గుమ్మంలోంచి చూస్తే సందుకు అవతల జయమ్మ ఇల్లు. తలుపు తీసే ఉంది. లోపల పైన కట్టిన బొంత అంచు, పసుపుపచ్చ చీర ముక్క, ఇక్కడికే కనిపిస్తోంది. దాని కింద మంచం. మంచం మీద నరసింహ దగ్గుతున్నాడు.

సూరారంలో ఆ సందు నిండా రేకుల ఇళ్లే. ఎండాకాలం వచ్చిందంటే మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు. పనికి పోయేవాళ్లు పోతారు, మిగిలినవాళ్లు గోడల నీడలు వెతుక్కుంటారు. నరసింహకు ఆ వీలు లేదు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిన దగ్గర్నుంచి అతనికి ఆ మంచమే లోకం. పోయిన ఎండాకాలం జయమ్మ తడి చీరలు మంచం చుట్టూ కట్టి, గంటకోసారి నీళ్లు చల్లుతూ ఎట్లాగో గట్టెక్కించింది. ఒకరోజు అతను మాట పలుకు లేకుండా పడిపోతే, చనిపోయాడనుకుని సందంతా వచ్చింది.

ఆ నరసింహే రహీల్‌ను పనిలో పెట్టించాడు. భర్త మన్నాన్ చనిపోయి, సుగ్రా బొంతలూ గలేబులూ కుట్టి ఇల్లు నడుపుతున్న రోజుల్లో, పదోతరగతి తప్పి తిరుగుతున్న పిల్లవాణ్ని తన బండి మీద ఎక్కించుకుని మేడ్చల్ తీసుకుపోయాడు. "నా అల్లుడు. పని నేర్పుకోండ్రి, తప్పు జేస్తే తన్నుండ్రి," అని అప్పగించి వచ్చాడు. అప్పుడతను ఆ యూనిట్‌లో వెల్డరు.

అక్కడ కరెంటు కొలిములు తయారు చేస్తారు. కమ్మరి కొలిమి లాంటివి కావు. కొన్ని బస్సంత పొడుగుంటాయి. ఈ చివర పళ్లేలలో నల్లటి పొడి పెడితే అది మెల్లగా లోపల పాకుతూ పోయి, ఎర్రటి వేడిలో కాలి, ఆ చివర బయటికి వస్తుంది. స్కూటర్ల బ్యాటరీలకు, ఫోన్ల బ్యాటరీలకు ఆ పొడే ప్రాణం. లోపల ఇనుము మెత్తబడేంత వేడి ఉన్నా, బయటి రేకు మీద చెయ్యి ఆనించి నిలబడవచ్చు. మధ్యలో తెల్లటి దూది పొరలు పొరలుగా కూరి ఉంటుంది. చూడటానికే అది దూది. నిజానికి మట్టిని కరిగించి తీసిన సన్నటి పోగులు. ఏళ్ల తరబడి కాలి కాలి అది పెళుసెక్కుతుంది. అప్పుడు కొలిమిని విప్పి, పాతది పీకి, కొత్తది పెట్టాలి. రహీల్ చేసేది ఆ పనే.

పాత దూదిని పారెయ్యడానికి ప్రత్యేకంగా లారీ పిలిపించాలట. ఎవరైనా తీసుకుపోతే సూపర్‌వైజర్‌కు ఒక తలనొప్పి తగ్గినట్టే. ఉగాది దాటాక రహీల్ ట్రాలీ ఆటోలో గోతాలు తెచ్చి వాకిట్లో దించాడు.

"అమ్మీ, నువ్వు బొంతలు కుడ్తవు గదా. దీన్ని పెట్టి కుట్టు. రేకుల కింద కడ్తే ఎండ దిగదు. భట్టీ వేడినే ఆపుతది, సూర్యుడు ఏ లెక్క?"

దూది ఒక వైపు తెల్లగా, ఇంకో వైపు బూడిదరంగు మరకలతో ఉంది. మసి అన్నాడు రహీల్. రెండిళ్లకు సరిపోయేంత ఉంది. తమ ఇంటికి, జయమ్మ ఇంటికి. మిగతావాళ్లకు తర్వాతి కొలిమి వచ్చినప్పుడు తెస్తానన్నాడు.

చీరలు జయమ్మ ఇచ్చింది. కట్టి కట్టి మెత్తబడి, ఉతికి ఉతికి పలచబడిన నూలు చీరలు. బొంతకు అవే మంచివి, సూది సులువుగా దిగుతుంది. ఇద్దరూ కింద పరుచుకుని, ఒక్కో చీర మధ్య దూది పేర్చి, బారెడు బారెడు కుట్లు వేసుకుంటూ పోయారు. దూదిని పరిచేముందు సుగ్రా అలవాటు కొద్దీ వాకిట్లో దులిపింది. ఎండలో మిలమిల మెరుస్తూ పొడి లేచింది. చేతులు మండాయి, దురద పెట్టాయి. కొబ్బరినూనె రాసుకుని మళ్లీ కూర్చుంది. నాలుగు మూలలా రంగుగుడ్డ ముక్క మడిచి పువ్వులా కుట్టడం తల్లి దగ్గర నేర్చుకుంది. నెత్తి మీద కట్టే బొంతకు పువ్వులెందుకని జయమ్మ నవ్వితే, "కింద పండుకున్నాయన చూడొద్దా?" అంది సుగ్రా.

నరసింహ చూసేవాడు. పొద్దంతా చూసేవాడు. బొంత కట్టిన రోజు ఎడమచెయ్యి ఎత్తి ఒక్కో చీరనూ చూపించాడు. మాట ముద్దగా వస్తుంది, జయమ్మ ఒక్కతికే అర్థమవుతుంది.

"ఏమంటుండు?" అని అడిగింది సుగ్రా.

"ఆ పసుపుపచ్చది మా బిడ్డ భవిత పుట్టినప్పుడు కొన్నడంట. గా నీలంది కొమురెల్లి జాతరల. ఆకుపచ్చది..." జయమ్మ ఆగి సిగ్గుపడింది. "ఇగ ఊకో నువ్వు. అన్నీ యాదికున్నయి, గోలీలేసుకునుడు ఒక్కటి తప్ప."

ఆ రోజు మధ్యాహ్నం నరసింహ నిద్రపోయాడు. ఎండాకాలం పట్టపగలు, రేకుల కింద, గురక పెట్టి నిద్రపోయాడు. జయమ్మ వాకిట్లో కూర్చుని ఆ గురక వింటూ కూరగాయలు తరిగింది. సందులో ఆడవాళ్లు వచ్చి తలలు లోపలికి పెట్టి చల్లదనం చూసి పోయారు.

సాయంత్రం జయమ్మే వచ్చింది. చేతిలో చిన్న గిన్నె, మామిడికాయ తొక్కు. లోపలికి రాగానే పైకి చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది వదినె, ఇంటికి గుండు గొరిగించిండా నీ కొడుకు? మా యాదగిరి నర్సన్నకు ఏమన్న మొక్కిండా?"

"ఎలుకలంట," అంది సుగ్రా.

"ఎలుకలైతే మందు పెట్టాలె గని, ఇంటి నెత్తి పీకుతరా? కడుపుతోనున్న పిల్ల, గిట్ల ఉడికిపోతాంది. ఏమే నజ్‌నీన్, నీ మొగనికి బుద్ధి జెప్పవా?"

"జెప్తే ఇనేటోడైతే ఎందుకత్తా," అంది నజ్‌నీన్.

"ఎవ్వడింటడే! మా ఆయన పడ్డంకనే ఇంటుండు." జయమ్మ నవ్వింది. నవ్వు మధ్యలో సందు అవతలి నుంచి దగ్గు వినిపించింది. ఆమె అటు తిరిగి, దగ్గు ఆగేదాకా ఉండి, మళ్లీ ఇటు తిరిగింది. "గా దగ్గొక్కటే పరేషాన్ జేస్తుంది. దవాఖాన్ల సీసా ఇచ్చిండ్రు, ఇంట్ల దుమ్ము లేకుంట చూసుకో అన్నరు. నేను పొద్దుగాలోసారి, మాపటీలోసారి తుడుస్తనే ఉన్న. అయినా గీ రోడ్డు పనుల దుమ్ము యాడికెల్లి వస్తదో, చెంబు మూత మీద మెరుస్తనే ఉంటది. మెడ మీద చెమటకాయలు గూడ లేచినయి. మంచిగున్న చేత్తోని గోక్కుంటనే ఉంటడు. పౌడరేస్తున్న."

సుగ్రా తన ముంజేతుల వైపు చూసుకుంది. దూది కుట్టిన రోజు అక్కడ కూడా అట్లాంటి కాయలే లేచాయి.

జయమ్మ వెళ్లాక ఆమె నజ్‌నీన్ పక్కన కూర్చుంది. "మొన్న వాడు పంపిన ఫోటో చూపియ్యి బిడ్డా."

మొన్న రహీల్‌ను షామీర్‌పేట దాటి లాల్‌గడి మలక్‌పేట దిక్కు ఉన్న ఒక పెద్ద కంపెనీకి పంపారు. వాళ్ల దగ్గరున్నది కూడా బ్యాటరీ పొడి కాల్చే కొలిమే. అక్కడికే పోయి దూది మార్చి రావాలి. తిరిగొచ్చి తెగ నవ్వాడు. తల నుంచి పాదాల దాకా తెల్లటి తొడుగు వేశారట, మూతికి రెండు డబ్బాల మాస్కు కట్టారట, చంద్రుడి మీదికి పోయేవాడిలా ఉన్నానట. నజ్‌నీన్ ఆ ఫోటోనే ఫోన్ తెర మీద పెట్టుకుంది.

"పెద్దగ జెయ్యి. వాడు గాదు, ఎనక."

వెనక గోడకు ఆనించి పారదర్శకమైన సంచీలు ఉన్నాయి. ఒక సంచీ లోపల ఇంకో సంచీ. వాటిలో దూది. ఒక వైపు తెలుపు, ఇంకో వైపు బూడిదరంగు. సంచీల మీద ఎర్రగీతల కాగితం అంటించి ఉంది. కాగితంలో ఒక మనిషి బొమ్మ, తలా భుజాలూ మాత్రమే. ఆ మనిషి ఛాతీ మధ్యలో ఏదో పగిలి పలుకులు చిమ్మినట్టు తెల్లటి చుక్క.

సుగ్రాకు చదువు రాదు. ఆ బొమ్మకు చదువు అక్కర్లేదు.

రహీల్ వచ్చేసరికి దీపాలు పెట్టారు. బండి స్టాండు వేసి, కాళ్లు కడుక్కుని, తల్లి ముఖం చూసి అక్కడే ఆగాడు.

"ఎలుకలు ఏ దూది తింటయిరా?" అంది సుగ్రా.

"అమ్మీ..."

"నీకు గా ముసుగెందుకు తొడిగిండ్రు? సంచీల సంచీ ఎందుకు పెట్టిండ్రు?"

అతను నజ్‌నీన్ వైపు చూశాడు. ఆమె ఫోన్ చేతిలో పట్టుకుని తల దించుకుంది.

"మాకాడ ఎవ్వడూ జెప్పలే అమ్మీ. ఇన్నేళ్లసంది ఉత్త చేతుల్తోనే పీకినం, మూతికి దస్తీ కట్టుకొని. ఆడ పనికి దిగకముందే కూసోబెట్టి వీడియో చూపిచ్చిండ్రు. కాలిన దూది పొడి అయితదంట. కంటికి కనబడదంట. లోపలికి పోతే ఇగ రాదంట. గా నల్లపొడి వేరే. అది గూడ మంచిది గాదంట." అతను గోడకు ఆనుకున్నాడు. "నీళ్లు కొట్టి తడిపి తీయించిండ్రు. పోయేటప్పుడు తానం జేస్తేనే గేటు తీసిండ్రు."

"అందుకని మనది తీసినవ్."

"పుట్టేటోళ్లకు అస్సలు మంచిది గాదన్నరు."

"జయమ్మది ఎప్పుడు తీస్తవు?"

సందు అవతల దగ్గు మొదలైంది. ముగ్గురూ విన్నారు.

"తీస్తే గీ ఎండకు ఆగడు అమ్మీ. పోయినేడు చూసినవు గదా. పాపం అత్త... నేను ఏ మొఖంతోని జెప్పాలె? నేనే తెస్తిని, నేనే కడ్తిని. మామ సల్లగ పండుకుంటుండన్న సంబరమే గదా ఆమెకు." గొంతు తగ్గించాడు. "అయినా మామకు ఉన్నదేంది? ఇంకో ఎండకాలం."

సుగ్రా చెయ్యి లేచింది. పెళ్లయిన కొడుకు, రేపో మాపో తండ్రి కాబోయేవాడు అని ఆలోచించలేదు. చెంప మీద కొట్టిన చప్పుడు విని నజ్‌నీన్ ఉలిక్కిపడింది. రహీల్ కదల్లేదు. ఇంకోటి కొడితే బాగుండునన్నట్టు నిలబడే ఉన్నాడు.

"నిన్ను బండెక్కించుకొని తీస్కపోయిన మనిషిరా," అంది సుగ్రా. ఆ మాటకు అతను ఏడ్చాడు.

పొద్దున నజ్‌నీన్‌ను ఆటో ఎక్కించి తూంకుంటకు పంపాక సుగ్రా సందు దాటింది. జయమ్మ నరసింహకు గెంజి తాగిస్తోంది. గెంజి సగం గడ్డం మీదికి కారుతుంటే కొంగుతో తుడుస్తోంది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఫ్యాను గాలికి బొంత కొంచెం కొంచెం లేచి దిగుతోంది, నిద్రపోయే మనిషి ఊపిరిలా.

"ఫ్యాను బంద్ జెయ్యి వదినె," అంది సుగ్రా.

"ఎందుకే? కరెంటు ఉన్నప్పుడన్న తిరగనియ్యి."

సుగ్రాయే పోయి మీట నొక్కింది. తర్వాత జయమ్మ చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకువచ్చి, గుమ్మం పక్కన కూర్చోబెట్టి, తెలిసిందంతా చెప్పింది. ఎలుకల సంగతి, ముసుగు సంగతి, సంచీ మీది బొమ్మ సంగతి. తను దులిపి, పలచటి చీరలు ఎంచి, బారెడు కుట్లు వేసిన సంగతి కూడా. కుట్టు పడ్డ ప్రతిచోటా ఒక బొక్క కదా.

జయమ్మ అడ్డం రాకుండా వింది. ఒక్కసారి మాత్రం చెంబు మూత వేపు చూసింది.

"మరి మీది తీసిండ్రు," అంది చివరకు.

"తీసిండు."

"మీది తీసి, ఎలుకలని జెప్పిండ్రు. నేను తొక్కు దెచ్చిన. మీ ఇంట్ల నిలబడి నగిన."

"నాకు అప్పటికి తెల్వదు వదినె. తెల్సింది రాత్రే."

"నీకు తెల్వదు. వానికి తెల్సు." జయమ్మ గొంతు పెంచలేదు. "నా ఇంట్ల చాయ్ తాగిపోతడు రోజూ. మామా మంచిగున్నవా అని మంచం మీద కూసుంటడు. మొన్న, నిన్న గూడ కూసున్నడు."

జయమ్మ లేచి గెంజి గిన్నె కడిగింది. కడిగిన గిన్నెను మళ్లీ కడిగింది. "పిలువు వాన్ని," అంది.

రహీల్ పనికి పోలేదు. మందుల దుకాణంలో దొరికిన మాస్కులు తెచ్చాడు, చేలకు మందు కొట్టే పంపు ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడు. ముందు నరసింహను బయటికి తేవాలి. పక్కింటి వీరేందర్ ఒక వైపు, రహీల్ ఒక వైపు, మంచాన్ని ఎత్తి గుమ్మంలో అడ్డం తిప్పి, నిలువు తిప్పి, ఎట్లాగో సందులోకి తెచ్చి నీళ్ల ట్యాంకు నీడలో పెట్టారు. ఎన్నాళ్ల తర్వాతో బయటి వెలుతురు తగిలి నరసింహ కళ్లు మూసుకున్నాడు. తెరిచి ఆకాశం చూశాడు. రహీల్‌ను చూసి నోటి ఎడమ మూలతో నవ్వాడు. రహీల్ తొందరగా లోపలికి పోయాడు.

పంపుతో బొంత తడిసేదాకా కొట్టి, తాళ్లు కోసి, ఒక్కో చీరా దించాడు. చీరల్లోంచి కారిన నీళ్లు బూడిదరంగులో గచ్చు మీద పారాయి. సుగ్రా మూతికి గుడ్డ కట్టుకుని సంచీల్లో కుక్కింది. తను కుట్టిన పువ్వులు చేతికి తగిలాయి. గోడలు, మంచం కోళ్లు, గూట్లో దేవుడి పటం, అన్నీ తడిగుడ్డతో తుడిచింది. జయమ్మ భర్త తల దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుతూ ఉండిపోయింది. లోపలికి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

సంచీలు బండికి కట్టబోతుంటే మాత్రం, "ఆడ్నే ఉండనియ్యి," అంది.

"అత్తా, ఇవి ఇంట్ల..."

"ఆడ్నే ఉండనియ్యమన్న."

వెనక గోడ దగ్గర పెట్టేసి పోయారు.

మధ్యాహ్నానికి ట్యాంకు నీడ జరిగిపోయింది. మంచాన్ని లోపలికి చేర్చారు. ఆ తర్వాత సందులో ఎవరూ అన్నం సరిగా తినలేదు. లోపలి నుంచి వచ్చే మూలుగు ఆగలేదు. జయమ్మ తడి చీరలు కట్టింది, నీళ్లు చల్లింది, బకెట్లో ఐసుగడ్డ తెచ్చి పాదాల దగ్గర పెట్టింది. రేకుల నుంచి దిగే వేడి ఆ తడిని తాగేసింది. సాయంత్రం అతని ఒళ్లు పొయ్యి మీద పెనంలా ఉంది. డాక్టరును పిలుచుకొస్తే సెలైన్ పెట్టి, "చల్లటి చోట ఉంచండి," అని వెళ్లిపోయాడు. చల్లటి చోటు ఎక్కడుందో ఆయన చెప్పలేదు. భవిత అత్తగారింట్లో ఒక్కటే గది. పక్షవాతం మనిషిని, మంచంతో సహా, ఎండాకాలమంతా ఎవరు పెట్టుకుంటారు?

మర్నాడు కూడా అంతే. మూడో పొద్దు జయమ్మ సుగ్రా ఇంటి గుమ్మంలో నిలబడింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. రాత్రుళ్లు నిద్ర లేని కళ్లు.

"రహీల్," అని పిలిచింది. "నువ్వే కట్టినవ్. నువ్వే తీసినవ్. వచ్చి నువ్వే మళ్ల కట్టు."

రహీల్ తల్లి వైపు చూశాడు.

"వదినె," అంది సుగ్రా, "అది విషం అని జెప్పిన గదా."

"జెప్పినవ్. ఇన్న. అది ఎప్పుడు సంపుతది? వచ్చే ఏడా, ఆ పై ఏడా? గీ ఎండ గీ వారమే సంపుతది." జయమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. "రాత్రి చెయ్యి లేపి పైకి చూపిచ్చుడు, ఏడ్సుడు. చీరలు ఏవి అంటుండు. ఆయనకు ఉన్నదేంది వదినె? ఇంకో ఎండకాలం. అది జర సల్లగ పోనియ్యి."

అవే మాటలు. మూడు రోజుల కింద కొడుకు నోట విన్నప్పుడు సుగ్రా చెయ్యి లేచింది. ఇప్పుడు ఆ చెయ్యి కొంగు అంచును మెలిపెడుతూ ఉండిపోయింది.

రహీల్ చెంప తడుముకున్నాడు. తెలియకుండానే చేసిన పని అది.

"ఒక్క పూట ఆగు," అంది సుగ్రా.

ఆమె దగ్గర వానకాలం రేకుల మీద కప్పడానికి దాచిన నీలం తిర్పాలు పట్టా ఉంది. మందంగా, లోపల్నుంచి గాలి కూడా పోనంత గట్టిగా ఉంటుంది. దాన్ని పరిచి, బొంతల కొలత పెట్టి కత్తిరించింది. ఈసారి కుట్లు వెయ్యలేదు. అంచులు మడిచి, పెట్టెలకు వేసే టేపుతో అంటించింది. తడి ఆరని బొంతలను మళ్లీ రేకుల కిందికి ఎక్కించి, వాటి కింద తిర్పాలు బిగించారు. గోడ చుట్టూ, పైపుల చుట్టూ, సందు ఉన్న ప్రతిచోటా టేపు వేశారు. గోడ సున్నం పెళ్లలు రాలుతుంటే టేపు పట్టుకోలేదు. రెండు పొరలు వేసి చేత్తో అదిమింది. అక్కడ ఊడుతుందని ఆమెకు తెలుసు. పై ఫ్యాను వెయ్యవద్దని, మంచం పక్కన పెట్టే టేబుల్ ఫ్యాను రహీల్ తెచ్చాడు. జయమ్మ వద్దనలేదు, తీసుకున్నాననీ అనలేదు. అతనితో మాట్లాడటం మానేసింది. చాయ్ పెట్టినప్పుడు మూడు గ్లాసులే పోసింది. తనకు, భర్తకు, సుగ్రాకు.

మధ్యాహ్నానికి గది చల్లబడింది. నరసింహ కళ్లు తెరిచి పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమచెయ్యి ఎత్తి, వేళ్లు ఆడించి, ఏదో అన్నాడు.

"ఏమంటుండు?" అంది సుగ్రా.

"ఏం లేదు," అంది జయమ్మ.

వారం గడిచింది. ఎండ ఇంకా ముదిరింది. దగ్గు తగ్గలేదు, పెరిగిందనీ చెప్పలేం. తూంకుంట నుంచి నజ్‌నీన్ ఫోన్ చేసి బాగానే ఉన్నానంటోంది. రహీల్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌తో మాస్కుల కోసం గొడవ పెట్టుకున్నాడు. ఇష్టం లేకపోతే మానెయ్యమన్నాడట. మానలేదు. అతను కూడా రాత్రిళ్లు దగ్గుతాడు. ఇన్నేళ్లూ అది బీడీల దగ్గనుకుంది సుగ్రా. ఇప్పుడు ఆ దగ్గు మొదలైతే లేచి కూర్చుంటోంది.

ఆ రోజు జొన్నగటక తీసుకుని సందు దాటింది. జయమ్మ బయట నల్లా దగ్గర నీళ్లు పడుతోంది. సుగ్రా లోపలికి పోయి గిన్నె పెట్టి, మామూలుగా పైకి చూసింది.

మంచం తలవైపున, సరిగ్గా నరసింహ ముఖం మీద, తిర్పాలు విప్పి ఉంది. టేపు ఊడిపోలేదు, జాగ్రత్తగా కత్తితో కోశారు. ఆ ముక్కను వెనక్కి మడిచి పిన్నీసు పెట్టారు. మడిచిన చోట పసుపుపచ్చ చీర కనిపిస్తోంది. చీర మూలన తను కుట్టిన పువ్వు.

నరసింహ దాన్నే చూస్తున్నాడు. సుగ్రా వచ్చింది కూడా తెలియలేదు.

జయమ్మ బిందె చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. సుగ్రా చూపు ఎటుందో చూసి, బిందె దించకుండానే నిలబడింది.

"ఒక్క మూలనే గదా వదినె," అంది.

సుగ్రా పిన్నీసు వేపు చెయ్యి చాచలేదు. మంచం పక్కన స్టూలు మీద అతని చెంబు ఉంది. మూత మీద సన్నగా, మెరుస్తూ, ముందటిలాగే ఉంది. ఆమె చెంబు తీసుకుని వాకిట్లోకి పోయి, నీళ్లు పారబోసి, మూత కడిగి, జయమ్మ బిందెలోంచే మళ్లీ నింపింది. దస్తీ ఒకటి తడిపి పిండింది. తిరిగి వచ్చి అతని ముక్కూ నోరూ కప్పేలా వేసింది. కళ్లు మాత్రం వదిలేసింది.

అతను చూస్తూనే ఉన్నాడు. ఊపిరికి తడిగుడ్డ కొంచెం లోపలికి, కొంచెం బయటికి కదులుతోంది. జయమ్మ ఆ పక్కన, సుగ్రా ఈ పక్కన కూర్చున్నారు. గుడ్డ ఆరిపోతే మళ్లీ తడపాలి.